నీలం మామ కుడి కన్ను

"పచ్చ," అన్నాడు నీలం మామ, గొట్టం మీంచి కన్ను తియ్యకుండానే. "ఎక్కువ లాగేశావు. తగ్గించి పట్రా."

చిట్టి కదల్లేదు. పోగుల కండె చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

"నిన్న కూడా ఇంతే పెట్టాను మామయ్యా. మొన్నా ఇంతే."

"నిన్నా పచ్చే, మొన్నా పచ్చే. నువ్వు నా మేనకోడలివని గొట్టానికేం తెలుస్తుంది?"

"చేతికి గట్టిగానే తగులుతోంది."

"చేత్తో చూసి చెప్పేసేదైతే నాకీ కుర్చీ ఎందుకు? ఇంటికి పోయి మీ అమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకుంటాను."

తలుపు అవతల తాడు పేనే ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. చిట్టి మొహం కందగడ్డ చేసుకుని మిషన్ వైపు వెళ్ళిపోయింది.

ఆ ఫ్యాక్టరీలో నైలాన్ తాళ్ళు తయారవుతాయి. కరిగిన సరుకు సన్నటి బెజ్జాల్లోంచి పోగులుగా దిగి, చల్లారి, రెండు జతల రోలర్ల మధ్యకి వస్తుంది. వెనక జత నింపాదిగా తిరుగుతుంది, ముందు జత జోరుగా తిరుగుతుంది. ఆ రెంటి మధ్య పడ్డ పోగు సాగక ఏం చేస్తుంది? సాగకముందు దాన్ని పట్టుకుని లాగితే జిగురులా వస్తూనే ఉంటుంది, వచ్చింది మళ్ళీ వెనక్కి పోదు. తగినంత సాగాక మాత్రం మొండికేస్తుంది. ఇక వేలు తెగాలే గాని అది సాగదు. అప్పటికీ వదలకుండా లాగితే పెళుసెక్కి, ముడి వేసిన చోట పుటుక్కున తెగుతుంది. ఆ రోలర్ల జోరు చూసుకునే పని చిట్టిది. సాగింది సరిపోయిందో లేదో చెప్పే పని మామది.

చెప్పడానికి ఆయన దగ్గరున్నవి ఒక బల్బు, రెండు నల్లటి అద్దాలు, వాటి మీద ఒక గొట్టం. అద్దాల్ని ఒకదానికొకటి అడ్డంగా తిప్పితే వెలుగు మొత్తం ఆగిపోయి కటిక చీకటి అవుతుంది. ఆ రెంటి మధ్య పోగును ఏటవాలుగా పెడితే అదొక్కటే రంగు తేలుతుంది. సాగని పోగు బూడిద రంగులో నీరసంగా కనిపిస్తుంది. సాగిన కొద్దీ పసుపు, ఎరుపు, వంకాయ రంగు, ఆ తర్వాత నీలం. నీలం దాటితే పచ్చ. ఈ ఫ్యాక్టరీ తాడుకి కావలసింది నీలం. అది కనబడగానే మామ "నీలం!" అని కేకేస్తాడు. ఆ కేక విన్నాకే పేనేవాళ్ళు కండె అందుకుంటారు. ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

పోగును లాగి తెంపి చూసే మిషన్ కూడా ఒకటుండేది. మోటారు కాలిపోయి, గోనెపట్టా కప్పుకుని ఆ మూలనే పడి ఉంది. "దానికి రిపేరెందుకు, మనకి నీలం మామ ఉండగా," అని మేనేజర్ ఒకసారి జోకేశాడు. ఆ జోకు మీదే పని నడిచిపోతోంది. గొట్టంలోకి మామ తప్ప ఇంకెవరూ చూడరు. చూడకూడదని రూలేమీ లేదు. తూకం వేసేవాడి చేతిలోంచి ఎవరూ తక్కెడ లాక్కోరు కదా, అలాగే. ఆయన చూసేది ఎప్పుడూ కుడి కంటితోనే. ఎడమ కన్ను గట్టిగా మూసీ మూసీ దాని పక్కన ముడత పడిపోయింది.

చిట్టి జోరు తగ్గించి రెండోసారి తెచ్చింది. ఇంకా పచ్చే. మూడోసారి తెచ్చినప్పుడు మామ చాలాసేపు చూశాడు. పచ్చ పోయింది. చిక్కటి, నల్లనల్లటి రంగేదో దిగింది. పచ్చకి ముందుండేది నీలమే కదా, ఇంకేముంటుంది?

"నీలం!" అని కేకేశాడు.

చిట్టి కండె అందుకుంటూ చివర వేలాడుతున్న పోగును వేలికి చుట్టి ఒకసారి లాగింది. ఇంకోసారి లాగి, మామ వైపు చూసింది.

వరండాలో నిలబడి ఇదంతా చూసిన మేనేజర్ లోపలికొచ్చి మామ భుజం తట్టాడు. "సొంత మేనకోడలినైనా వదలరు. మీలాంటివాళ్ళు ఇంకొకరుంటే నేను హాయిగా నిద్రపోదును పెద్దాయనా," అన్నాడు. మామకి ఛాతీ ఉప్పొంగింది. ఈ పిల్లకి ఈమధ్య చెయ్యి ఎందుకు తప్పుతోందో అన్న దిగులు కూడా, దాని పక్కనే, కొంచెం ఉంది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. మామ, ఆయన అక్క, అక్క కూతురు చిట్టి. ఆ సాయంత్రం ఆయన గేటు తీసేసరికి అక్క పెరట్లో ముక్కాలిపీట ఎక్కి బట్టలారేసే తాడు విప్పి మళ్ళీ బిగిస్తోంది.

"ఒరే, ఈ తాడు మీ ఫ్యాక్టరీదేనా, లేకపోతే రబ్బరు బొమ్మలవాడి దగ్గర తెచ్చావా? పొద్దున బిగించి కడితే సాయంత్రానికి దుప్పట్లు నేల ఊడుస్తున్నాయి."

"నువ్వు వేసిన ముడి జారుతోందక్కయ్యా."

"నా ముడికి వంకలు పెట్టకు. మీ బావకి వేసిన ముడే ఆయన పోయేదాకా జారలేదు."

మామ నవ్వాడు. లోపల్నుంచి చిట్టి గొంతు వినబడింది. "అమ్మా, చల్లారిపోతోంది, నీ తమ్ముణ్ణి అన్నానికి రమ్మను."

"మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా పోస్ట్‌మాన్నా? పక్కనే ఉన్నాడు, నువ్వే పిలువు."

"గొట్టం పెట్టి చూస్తే నేను పచ్చగా కనబడతానేమోనని భయం," అంది చిట్టి. అలా వెక్కిరించాక ఆమె కోపం సగం దిగిపోయింది. మామకి వడ్డించింది కూడా తనే.

రెండు వారాలు గడిచాయి. మధ్యాహ్నం తిండి వేళకి ఒక ట్రాలీ బండి వచ్చి, గేటు లోపల తాడు చుట్ట ఒకటి దింపేసి పోయింది. తాడంతా రంగు మరకలు. ఒకచోట మామూలు లావున ఉంది, ఒకచోట చిక్కి తెల్లగా పాలిపోయి ఉంది.

మేనేజర్ అందరినీ ఆవరణలోకి పిలిచాడు. ఆస్పత్రి కోసం కొత్తగా కడుతున్న ఎత్తు బిల్డింగుకి పెయింటర్లు రంగులేస్తున్నారట. చెక్క పలకకి రెండు కొసలా తాళ్ళు కట్టి, పైనుంచి వేలాడదీసి, దాని మీద నిలబడి పనిచేస్తారు. మొన్న ఒకవైపు తాడు తెగలేదు గాని సాగింది. పలక వాలిపోయింది. పెయింటర్ ఒకడు జారి, ఒంటి చేత్తో వేలాడి, భుజం ఊడగొట్టుకున్నాడు. ప్రాణం దక్కడమే ఎక్కువ.

"ఈ చుట్ట పోగు లాగింది ఎవరు?" అన్నాడు మేనేజర్.

"నేనేనండి," అంది చిట్టి.

"మిషన్ మీద గుర్తు కంటే తగ్గించి నడిపావు. ఇందాకే చూసొచ్చాను."

"మామయ్య తగ్గించమన్నాడు. పచ్చ వస్తోందన్నాడు."

మేనేజర్ మామ వైపు తిరిగాడు. "తగ్గించమన్నారా?"

అందరి కళ్ళూ మామ మీదకి వచ్చాయి. తగ్గించమన్న మాట నిజమే. కానీ తను నీలం చూశాకే కదా కేక వేసింది. నీలం వచ్చిన పోగు ఇలా సాగదు. అది ఆయనకి తన పేరంత గట్టిగా తెలుసు. అంటే నమూనా చూపించి వెళ్ళాక ఈ పిల్లే విసుగెత్తి, ఇక పచ్చ గొడవ ఉండదని, జోరు ఇంకా తగ్గించేసి ఉండాలి. ఆయన ఎంత ఆలోచించినా ఇంకో దారి కనబడలేదు.

"తగ్గించమన్నాను. కానీ నీలం చూశాకే పాస్ చేశానండి," అన్నాడు. "ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలీదు."

"మామయ్యా!" అంది చిట్టి. ఆ గొంతు విని పేనే ఆడవాళ్ళలో ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏం జరిగిందో తెలీదా? నువ్వు చూసిన దానికి వెంట్రుకవాసి కూడా నేను కదిపానా? ఒక్కసారి నా మొహం చూసి చెప్పు మామయ్యా."

మామ తాడు వైపు చూస్తూ ఉండిపోయాడు. చిట్టి నడుముకి కట్టుకున్న ఏప్రన్ విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, ఆ తాడు చుట్ట మీదే పడేసి గేటు దాటింది. ఒక మనిషిని అవిటివాణ్ణి చేసిన పిల్ల అన్న మాట సాయంత్రానికల్లా ఆ చుట్టుపక్కల మిల్లులన్నిటికీ పాకింది. ఇక ఆమెని ఏ రోలర్ దగ్గరికీ ఎవరూ రానివ్వరు.

ఆ రాత్రి ఇంట్లో మూడు కంచాలూ పెట్టిన చోటే ఉండిపోయాయి. "అమ్మా, నీ తమ్ముణ్ణి తినమను, పొద్దున్నే నీలం చూడాలి కదా," అంది చిట్టి గోడ వైపు తిరిగి. ఈసారి అందులో వెక్కిరింత లేదు.

మర్నాడు చిట్టి మిషన్ మీద కొత్త మనిషిని పెట్టారు. జేబులో దువ్వెన లేకుండా కనబడడు కాబట్టి అతన్ని అందరూ పెళ్ళికొడుకు అంటారు. నోట్లో నాలుక లేని మనిషి. అతను తెచ్చిన మొదటి కండెలోంచి మామ ఒక పోగు తీసి, అద్దాల మధ్య పెట్టి, ఎడమ కన్ను మూసి, చూశాడు.

"పచ్చ."

"సరిగ్గా గుర్తు మీదే పెట్టాను మామా. మేనేజర్ గారు దగ్గరుండి పెట్టించారు."

"పచ్చేనయ్యా బాబూ."

పెళ్ళికొడుకు తల గోక్కుంటూ నిలబడ్డాడు. మామకి చిరాకెత్తి బల్ల మీద పేరుకున్న నూగును ఉఫ్ఫున ఊదాడు. నైలాన్ నూగు సూదిలాంటిది. అది లేచి నేరుగా ఆయన కుడి కంట్లోనే పడింది. కంట్లో నలుసు నలిపిన కొద్దీ గుచ్చుకుంటుంది. నీళ్ళు ధారగా కారాయి. కుడి కన్ను తెరవడం కుదరలేదు. పని ఆగకూడదని, అరచేత్తో ఆ కన్ను మూసుకుని, అలవాటు లేని ఎడమ కన్ను గొట్టానికి ఆనించాడు.

పోగు నీలంగా ఉంది.

చక్కటి, తేటైన నీలం. కొత్త మడత విప్పిన చీరలాగా. ఇలాంటి నీలం చూసి ఎన్నాళ్ళయిందో అనిపించి, ఆ అనిపించడంతోనే మామ చటుక్కున తల ఎత్తాడు. అద్దాలు తుడిచాడు, బల్బు సరిచేశాడు, మళ్ళీ చూశాడు. నీలం. కుడి కన్ను బలవంతాన తెరిచి, నీళ్ళు తుడుచుకుని చూశాడు. పచ్చ. పోగు అదే, అద్దాలు అవే.

"నువ్వెళ్ళి టీ తాగి రా," అన్నాడు పెళ్ళికొడుకుతో.

అతను బయటికి వెళ్ళగానే మామ ఆవరణలో పడి ఉన్న తాడు చుట్ట దగ్గరికి పోయాడు. చిట్టి ఏప్రన్ ఇంకా దాని మీదే ఉంది. దాన్ని పక్కకి తీసి, తాడు కొస విప్పి, ఒక పోగు లాక్కొచ్చి అద్దాల మధ్య పెట్టాడు. కుడి కంటికి చిక్కటి నల్లటి రంగు. ఆయన కేక వేసిన నీలం అదే. ఎడమ కంటికి వంకాయ రంగు. ముమ్మాటికీ వంకాయ రంగు. నీలానికి ఇంకా ఒక మెట్టు కింద ఆగిపోయిన, తగినంత సాగని, బరువు పడితే సాగిపోతూనే ఉండే పోగు.

మామ కుర్చీలో కూలబడ్డాడు. కిటికీలోంచి ఆకాశం కనబడుతోంది. ఎడమ కన్ను మూస్తే అది మాసిన పంచెలా ఉంది. కుడి కన్ను మూస్తే ఆకాశంలా ఉంది. కుడి కంటికి శుక్లం కమ్ముతోందని ఆయనకి అప్పుడు అర్థమైంది. పసుపు నీళ్ళలోంచి చూసినట్టు చూస్తూ, మంచి పోగునంతా పచ్చ పచ్చ అని తిప్పికొట్టి, పనికిరాని పోగుకి నీలం అని కేకలేశాడు. దాన్ని అందరూ నిజాయితీ అన్నారు. తనూ అదే అనుకుని ఛాతీ విరుచుకు తిరిగాడు. నిన్న ఆ పిల్ల ఒక్కసారి తన మొహం చూడమని బతిమాలింది. ఆయన తాడు చూస్తూ నిలబడ్డాడు.

పెళ్ళికొడుకు టీ తాగి వచ్చాడు. మామ ఎడమ కంటితో ఇంకోసారి చూసి, "నీలం," అన్నాడు. పేనేవాళ్ళకి వినబడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాడు. పేనేవాళ్ళు వచ్చి కండె తీసుకుపోయారు. అంతే. ఇక మీదట ఈ కంటితో చూస్తే సరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు, తాళ్ళు బాగుంటాయి, జీతం వస్తుంది. చిట్టి జీతం పోయాక తనది కూడా పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ లెక్కంతా ఆయన మనసులో చకచకా జరిగిపోయింది. అది అంత తొందరగా జరిగినందుకు ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి మేనేజర్ గదికి వెళ్ళాడు.

మేనేజర్ అంతా విన్నాడు. వింటున్నంతసేపూ ఒక పోగు ముక్కని వేలికి చుట్టుతూ విప్పుతూ కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి ఇలా?" అన్నాడు చివరికి.

"తెలీదండి. మెల్లమెల్లగా కమ్మి ఉంటుంది."

"అదీ సంగతి. మీకే తెలీదు. మరి ఎన్ని చుట్టలు వెనక్కి తెప్పించమంటారు?"

"అన్నీ తెప్పించండి."

"అన్నీ తెప్పిస్తే ఈ గేటుకి తాళం వేసుకోవాలి. బయట అంతమంది ఉన్నారు, ఒకసారి కిటికీలోంచి చూడండి." మేనేజర్ గొంతు తగ్గించాడు. "పెద్దాయనా, మీ ఎడమ కన్ను బాగానే ఉందన్నారుగా. దాంతో చూడండి. కుడి కంటికి ఆపరేషన్ కంపెనీయే చేయిస్తుంది. ఏముంది, ఈ రోజుల్లో అదో పెద్ద విషయమా?"

"మరి మా పిల్ల?"

"ఆ అమ్మాయి సంగతి అయిపోయింది కదా. తప్పు చేసిన మనిషిని తీసేశామని పెయింటర్లకి చెప్పేశాం. వాళ్ళూ ఊరుకున్నారు. మళ్ళీ కెలుక్కోవడం దేనికి?"

"తప్పు చేసింది నేనండి! మిగతా తాళ్ళు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. వాటి మీద మనుషులు వేలాడుతున్నారు."

"ఒకటి సాగిందని అన్నీ సాగుతాయా? మీరు అలిసిపోయారు. ఇవాళ ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకోండి." మేనేజర్ లేచి, తలుపు దాకా వచ్చి, భుజం తట్టాడు. "సొంత మేనకోడలినైనా వదలని మనిషని మీకు మంచి పేరుంది. దాన్ని పోగొట్టుకోకండి."

మామకి ఆ చెయ్యి పడ్డ చోట కాలినట్టయింది. ఉద్యోగం పోతుందన్న భయంతో లోపలికి వెళ్ళిన మనిషి, పోగొట్టుకుందామన్నా పోని ఉద్యోగంతో బయటికి వచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి పెరట్లో బట్టలు ఆరుతున్నాయి. తడి దుప్పటి బరువుకి తాడు మధ్యలో కుంగి, అంచు మట్టిలో ఆడుతోంది. గేటు పట్టుకుని మామ ఆ తాడునే చూస్తూ నిలబడిపోయాడు. తనే తెచ్చిన తాడు. తను పాస్ చేసిన తాడు. ఇన్నాళ్ళుగా ఇంట్లో, నెత్తి మీద, సాగుతూనే ఉంది. అక్క వేసిన ముడికి వంకలు పెట్టాడు.

చిట్టి వెనక గడప మీద కూర్చుని ఉంది. అక్క ఆమె జుట్టు చిక్కు తీస్తోంది. మామ వాళ్ళ ముందు నేల మీదే చతికిలబడి, ఏదీ దాచకుండా చెప్పాడు. నూగు పడడం, రెండు కళ్ళకీ రెండు రంగులు కనబడడం, మేనేజర్ అన్న మాటలు. నీలం అని అనేసి లోపల వేసుకున్న లెక్క కూడా చెప్పాడు. అక్క చేతిలో దువ్వెన ఆగిపోయింది.

చిట్టి లేచి వెళ్ళి, తాడు కొసలోంచి ఒక పోగు పీకి, రెండు చేతులతో లాగింది. అది ఒకచోట సన్నబడి, తెల్లబడి, అలా వస్తూనే ఉంది.

"అమ్మా, నీ తమ్ముడితో చెప్పు," అంది. "నా వేలికి ముందే తెలిసింది. తగ్గించమన్న ప్రతిసారీ ఇలాగే వచ్చేది. మెత్తగా, జిగురుగా. తప్పని తెలుస్తూనే ఉంది. అయినా మామయ్య కన్ను కదా, నా చెయ్యే మొద్దుబారిందేమో అనుకున్నాను. చిన్నప్పట్నుంచి ఆయన ఏది చెబితే అదే కదా. నా చేతిని నేను నమ్మలేదు. ఆయన మాత్రం నలుగురిలో నన్ను నమ్మలేదు. అది కూడా చెప్పు."

ఆ మాట చేరవలసిన మనిషి మూరెడు దూరంలోనే తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలుస్తోంది. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి అక్కయ్య, ఆ సాయంత్రం ఒక్క జోకు వెయ్యలేదు. పీట తెచ్చుకుని ఎక్కింది, తాడు రెండు కొసలూ విప్పింది, తడి దుప్పట్లు గోడ మీద పరిచింది. తాడు చుట్ట చుట్టి తమ్ముడి ఒళ్ళో పడేసింది.

"బట్టలైతే మట్టి అంటుతుంది, ఉతుక్కుంటాం," అంది. "పొద్దున్నే ఇద్దరూ ఆ బిల్డింగు దగ్గరికి వెళ్ళండి. ఆ మనుషుల్ని దింపకుండా వస్తే ఈ చేత్తో నీకు అన్నం పెట్టను."

బిల్డింగు కింద నిలబడితే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. పొద్దున్న ఎండ పడి సగం గోడ మెరుస్తోంది. సగం దాకా రంగు దిగింది. చాలా పైన ఒక పలక మీద ఇద్దరు మనుషులు రంగు పూసే రోలర్లు ఆడిస్తున్నారు. పలక ఒకవైపుకి కొంచెం వాలి ఉందా, లేక తన కన్నే అలా చూపిస్తోందా, మామకి తెలియలేదు. కుడి కన్ను మూసుకుని చూశాడు. వాలే ఉంది.

కింద రంగు డబ్బాల మధ్య, ఎడమ చెయ్యి మెడకి గుడ్డతో కట్టుకున్న మనిషి ఒకడు కుడి చేత్తో రంగు కలుపుతున్నాడు. వాళ్ళు చెప్పకముందే గుర్తుపట్టాడు. మామ భుజాన ఉన్న తాడు రంగు చూసే కాబోలు.

"ఫ్యాక్టరీ వాళ్ళా?" అన్నాడు. తర్వాత చిట్టి వైపు చూశాడు. "నువ్వేనా ఆ అమ్మాయివి? నిర్లక్ష్యంగా మిషన్ తిప్పిందని చెప్పారు. నేనేం పాపం చేశానమ్మా నీకు? పైన జారిన రోజు నుంచి పక్కకి ఒత్తిగిలి పడుకోలేను. ఇంట్లో కూర్చుంటే గడవక ఈ ఒంటి చేత్తో రంగు కలుపుతున్నాను."

చిట్టి పెదవి కొరుక్కుంది. తల దించుకోలేదు, జవాబూ చెప్పలేదు. ఆ జవాబు చెప్పవలసింది తను కాదు.

"ఆ అమ్మాయి కాదు బాబూ," అన్నాడు మామ. "నేను. పోగు రంగు చూసి, ఈ తాడు బాగుంది, కట్టుకోవచ్చు అని కేకేసేది నేను. నా కన్ను పాడైంది. ఆ సంగతి తెలియక పాడు తాడుకి కేకేశాను. తప్పుని ఈ పిల్ల మీదకి పోనిచ్చాను. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది, అంతే."

పెయింటర్ కలపడం ఆపాడు. అతని మొహంలో కోపం కంటే ముందు ఇంకేదో వచ్చింది. నెమ్మదిగా తల ఎత్తి పైకి చూశాడు.

"మరి అవి?" అన్నాడు.

"అవీ ఆ తాళ్ళే. అందుకే వచ్చాం. వెంటనే దింపించండి."

"ఊరికే చెబితే మావాళ్ళు దిగరు. ఇవాళ్టికల్లా ఈ వైపు అయిపోవాలని మేస్త్రి పట్టుబట్టి కూర్చున్నాడు. ఏది, ఎలా తెలుస్తుంది పాడని?"

చిట్టి నేల మీద వేలాడుతున్న తాడు కొస దగ్గర కూర్చుంది. పలక తాడే అది, పైనుంచి దిగి వచ్చింది. పేట విప్పి, ఒకే ఒక్క పోగు పీకి, లేచి అతని చేతికిచ్చింది. రెండు చేతులతో లాగినట్టు గాలిలో చూపించింది. పెయింటర్ పోగు పట్టుకున్నాడు. రెండో చెయ్యి కోసం భుజం కదిలించి, నొప్పికి పళ్ళు బిగించి, ఆగిపోయాడు.

"ఆ కొస నువ్వు పట్టుకో," అన్నాడు మామతో.

మామ పట్టుకున్నాడు. వేలికి రెండు చుట్లు చుట్టి, అరచేతిలో బిగించాడు. పెయింటర్ లాగాడు. మొదట కాస్త మొండికేసినట్టే చేసి, ఆ తర్వాత మధ్యలో ఒకచోట పోగు లొంగిపోయింది. అక్కడ సన్నబడింది, తెల్లగా పాలిపోయింది, ఆ సన్నదనం రెండు వైపులకీ పాకుతూ పోయింది. పెయింటర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. పోగు వచ్చింది. ఇంకో అడుగు వేశాడు. డబ్బా ఒకటి కాలికి తగిలి దొర్లి, రంగు నేల పాలైంది. అతను చూడలేదు. వెనక్కి నడుస్తూనే ఉన్నాడు, పోగు వస్తూనే ఉంది.

అతను ఆగి, తల వెనక్కి విరిచి, ఒంట్లో ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"ఒరే! తాడు కదపకండ్రా! కిటికీలోకి ఎక్కండి! ఇద్దరూ, కిటికీలోకి!"

పైన ఒకతను కిందకి వంగి చూసి చెయ్యి ఊపాడు. వినబడలేదో, నవ్వుతున్నాడో. పలక ఊగింది. పెయింటర్ మళ్ళీ అరిచాడు. చిట్టి కూడా అరిచింది. మామ అరవబోయాడు గాని నోట్లోంచి గాలే వచ్చింది. ఒకతను రోలర్ పలక మీద పెట్టి, కిటికీ అంచు పట్టుకుని, కాలు లోపలికి వేశాడు. రెండోవాడు పలక మధ్యకి జరిగాడు. వాలిన వైపు ఇంకాస్త వాలింది. లోపలికి చేరినవాడు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అందుకునేదాకా కింద ముగ్గురూ ఎత్తిన తలలు దించలేదు. తర్వాత పలక మీద ఎవరూ లేరు. రోలర్ దొర్లి, గోడకి అడ్డదిడ్డంగా గీత గీస్తూ కిందికి వచ్చి పడింది.

పెయింటర్ మామ మొహం చూడలేదు. చూడాలని లేదని తెలుస్తూనే ఉంది. తన కొస నేల మీద వదిలేశాడు.

"ఇంకో రెండు బిల్డింగుల మీద మావాళ్ళు ఇవే కట్టారు," అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "మార్కెట్ వెనక ఒకటి. కాలవ అవతల ఒకటి."

చిట్టి అప్పటికే చెంగు బిగించి రోడ్డు వైపు నాలుగడుగులు వేసింది. వెనక అడుగుల చప్పుడు లేకపోయేసరికి తిరిగి చూసింది. మామ నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాడు. పోగు చుట్టిన వేలు ఎర్రగా కమిలి ఉంది. అవతల ఎవరూ పట్టుకోని ఆ తెల్లటి పోగుని ఇంకా బిగించి పట్టుకునే ఉన్నాడు.

ఆమె వెనక్కి వచ్చింది. ఆయన వేలి చుట్లు ఒక్కొక్కటే విప్పింది.

"వదిలెయ్ మామయ్యా," అంది. "నడు, పొద్దెక్కితే అక్కడ కూడా పలకలు ఎక్కేస్తారు."